కంప్యూటరుకు ముసలితనం తెచ్చేదెవరు?

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

ఇనుప వస్తువు ఏదైనా సరే, అరిగి పోతుంది. నాగలి కర్రు అరుగుతుంది, మోటారు బేరింగు అరుగుతుంది. అరిగిన చోట కొత్త ముక్క వేయించుకుని రైతు మళ్లీ పదేళ్లు లాగిస్తాడు. మా ఇంట్లో ఉన్న ఆయిలింజను నాకంటె వయసులో పెద్దది. దాని పిస్టను రెండుసార్లు మారింది, బెల్టు ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు గాని, ఇంజను మాత్రం అదే. కంప్యూటరు దగ్గరకు వచ్చేసరికి ఈ లెక్క పనిచెయ్యదు. అందులో అరిగే భాగాలు బహు తక్కువ. గాలి తోలే ఫ్యాను, లాప్‌టాప్ అయితే బ్యాటరీ, పాత రకంవైతే గిరగిర తిరిగే డిస్కు, ఇంతే. లెక్కలు చేసే చిప్పు ఎనిమిదేళ్ల కిందట సెకనుకు ఎన్ని చేసేదో ఈనాడూ అన్నే చేస్తుంది. ఇక అందులో నడిచే ప్రోగ్రాము అంటారా, అది వట్టి అంకెల వరుస. దానికి తుప్పు పట్టదు, చెద పట్టదు. మరి ఆరేడేళ్లు తిరగ్గానే "మీ కంప్యూటరు పాతబడిపోయిందండీ" అని అందరూ అంటున్నారేమి? పాతబడిందా, పాతది చేశారా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్త కంప్యూటరు అమ్ముడుపోతే దాన్ని తయారుచేసిన కంపెనీకి లాభమని చిన్నపిల్లవాడికైనా తెలుసు. మన కంటికి కనపడనిది ఇంకొకటి ఉంది. ఒక్క మర కూడా బిగించని సాఫ్ట్‌వేరు కంపెనీకి సైతం ఆ అమ్మకంలో వాటా ఉంది. పైగా పాతదాని ఆయుర్దాయం రాసే కలం ఆ కంపెనీ చేతిలోనే ఉంది. వాటా ఉన్నవాడి చేతికే కలం ఇచ్చి, "న్యాయంగా రాయవయ్యా" అంటే రాస్తాడా? నా అభ్యంతరమంతా ఇదే.

ఉదాహరణకు అందరికీ తెలిసిన విండోస్‌నే తీసుకుందాం. 2015 జులై 29న మైక్రోసాఫ్ట్ వారు విండోస్ 10 విడుదల చేశారు. 2025 అక్టోబరు 14న దానికి మామూలు వాడకందారులకిచ్చే ఉచిత భద్రతా మరమ్మతులు ఆపేశారు. పదేళ్లు తక్కువ కాలమా అని అడగవచ్చు. తక్కువేమీ కాదు. అయితే ఆ పదేళ్లు ప్రోగ్రాము పుట్టిన తేదీ నుంచి లెక్క, మనం యంత్రం కొన్న తేదీ నుంచి కాదు. 2018లోనో 2019లోనో అంగడిలో కొత్తదని కొన్నవాడికి దక్కింది ఆరేడేళ్లే.

"పాతది పోతే పోయింది, విండోస్ 11 వేసుకోరాదా? ఉచితమే కదా" అంటారు. నిజమే, ఉచితమే. కాని 2021 అక్టోబరు 5న వచ్చిన ఆ విండోస్ 11 గడప దగ్గర ఒక కావలివాడు కూర్చుని ఉన్నాడు. యంత్రంలో టి.పి.ఎం. 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. ఇంటెల్ చిప్పు అయితే సుమారుగా ఎనిమిదవ తరానిదో, ఆ తర్వాతదో కావాలి. ఎనిమిదవ తరం చిప్పులు మార్కెట్లోకి వచ్చింది 2017లో. అంటే నాలుగైదేళ్ల వయసున్న యంత్రాలను కూడా గడప బయటనే నిలబెట్టారన్నమాట. ఏడవ తరంలో మినహాయింపు దొరికిన చిప్పులు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. వాటిలో 7820హెచ్‌క్యూ అనేది ఒకటి. మైక్రోసాఫ్ట్ వారు తమ సొంత పేరుతో అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2 అనే ఖరీదైన యంత్రంలో ఉన్నది ఆ చిప్పే! దీనిమీద నేను వ్యాఖ్యానించను, పాఠకులే ఆలోచించుకోవచ్చు.

కెనలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2023 డిసెంబరులో ఒక అంచనా వేసింది. విండోస్ 11కు అర్హత లేని కారణంగా ప్రపంచంలో 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్పకు చేరవచ్చునని దాని సారాంశం. అంచనా అంచనాయే, అంతా అట్లాగే జరుగుతుందని కాదు. అందులో సగం తీసివేసినా పన్నెండు కోట్లు.

ఇక డబ్బు ఎట్లా ప్రవహిస్తుందో చూద్దాం. మనలో విండోస్‌ను విడిగా దుకాణంలో కొన్నవారు ఎంతమంది? చేతులెత్తమంటే ఒక్కరూ ఎత్తకపోవచ్చు. దాన్ని కొనేది మనం కాదు, కంప్యూటరు తయారుచేసే కంపెనీ. అమ్మే ప్రతి యంత్రానికీ ఒక లైసెన్సు చొప్పున ఆ కంపెనీ మైక్రోసాఫ్ట్‌కు చెల్లిస్తుంది. మనమిచ్చే యంత్రం ధరలో అది కలిసిపోయి ఉంటుంది. బిల్లులో విడిగా కనపడదు. ఆ లైసెన్సు ఆ యంత్రంతోనే పుట్టి ఆ యంత్రంతోనే పోతుంది. పాతది మూలన పడేసి కొత్తది కొన్నామనుకోండి, పాతదాని లైసెన్సు కొత్తదానికి మార్చుకునే హక్కు లేదు. మళ్లీ కొత్త లైసెన్సు, మళ్లీ చెల్లింపు. అదే మనిషి పాత యంత్రం మీదనే పదేళ్లు పనిచేసుకుంటే ఈ పద్దు కింద కంపెనీకి వచ్చేది సున్న. తయారీదారులు ఎన్ని కంప్యూటర్లు అమ్ముతారో దానిమీద ఈ ఆదాయం ఆధారపడి ఉంటుందని ఆ కంపెనీ తన వార్షిక నివేదికల్లో తానే రాసుకుంటుంది. 2025 జనవరిలో ఆ కంపెనీ ఉన్నతాధికారి యూసుఫ్ మెహదీ, ఈ సంవత్సరం కొత్త విండోస్ 11 కంప్యూటర్లకు మారే సంవత్సరమని బాహాటంగానే ప్రకటించారు. దాచినదేమీ లేదు. మనమే చూడలేదు.

పత్తి పండించే ఇళ్లలో పుట్టినవారికి ఈ లెక్క కొత్తది కాదు. బి.టి. పత్తి 2002లో మన దేశానికి వచ్చింది. విత్తనం అమ్మేవి రకరకాల కంపెనీలు, పాకెట్ల మీద రకరకాల బొమ్మలు. కాని ప్రతి పాకెట్టు మీదా మహికో మోన్‌శాంటో బయోటెక్ వారికి ఒక రుసుము వెళ్లేది. 450 గ్రాముల పాకెట్టు ధర అప్పట్లో 1,600 రూపాయలు దాటి ఉంటే అందులో సగానికి మించి ఆ రుసుమే! రైతుకు కనపడింది పాకెట్టు ధర ఒక్కటే. 2006లో, అంటే నేను పుట్టిన ఏడు, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషను ముందు ఫిర్యాదు చేసి పోట్లాడిన మీదట పాకెట్టు 750 రూపాయలకు దిగింది. పైగా అది హైబ్రిడ్ విత్తనం. పండిన దానిలోనుంచి గింజ దాచుకుని మరుసటేడు వేస్తే మొదటి పంట గుణం నిలవదు. ఏటేటా కొనవలసిందే. మా తాతల నాడు ఇంట్లోనే గింజ దాచుకునేవారు. కంప్యూటరు యంత్రం మనదే అయినా అందులోని ప్రోగ్రాము మాత్రం హైబ్రిడ్ విత్తనం వంటిదే. దాచుకోవడానికి వీల్లేదు, కొత్త చేలో చల్లుకోవడానికీ వీల్లేదు.

యంత్రానికింతని వసూలు చేసే ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. 1994కు ముందు ఇంకా ఘోరం. కంప్యూటరు తయారీదారు తాను పంపే ప్రతి యంత్రానికీ, అందులో మైక్రోసాఫ్ట్ వారి ఎం.ఎస్.-డాస్ ఉన్నా లేకున్నా, రుసుము కట్టే ఒప్పందాలుండేవి. ఎద్దును కొనకపోయినా ఎద్దు పన్ను కట్టినట్లు! 1994 జులైలో అమెరికా న్యాయశాఖతో రాజీకి వచ్చి ఆ ఒప్పందాలు మానుకున్నారు.

ఇక్కడ మా కంప్యూటర్ సైన్సు మిత్రులు నన్ను ఆక్షేపిస్తారని తెలుసు. "ఒరేయ్, ఈనాడు ఆ కంపెనీ సంపాదన ఎక్కువగా వచ్చేది విండోస్ లైసెన్సుల మీద కాదు, క్లౌడ్ మీద" అంటారు. ఒప్పుకుంటాను. కాని కొత్త యంత్రం అంటే లైసెన్సు ఒక్కటే కాదు గదా. కొత్త యంత్రం మొదటిసారి తెరవగానే వారి ఖాతాలో పేరు నమోదు చేసుకోమంటుంది. వారి బ్రౌజరు, వారి శోధన యంత్రం ముందే సిద్ధంగా కూర్చుని ఉంటాయి. ఫైళ్లు దాచుకోవడానికి వారి అద్దె గోదాము చూపిస్తుంది. 2024 నుంచి కొన్ని కొత్త కీబోర్డుల మీద కోపైలట్ కోసం ప్రత్యేకంగా ఒక మీటే పెట్టారు. పాత యంత్రంలో ఇవన్నీ మనిషి ఎప్పుడో తన అలవాటు ప్రకారం మార్చుకుని ఉంటాడు. కొత్త యంత్రంలో మళ్లీ మొదటికి వస్తాడు. కొత్త ఇంటికి మారినవాడు కొత్త కిరాణా కొట్టుకు ఖాతా పెట్టినట్లే.

ఇంకొక దారి ఉంది, అది తేదీ చెప్పి చంపేది కాదు, బరువు మోపి చంపేది. విండోస్ 95కు కనీసం 4 మెగాబైట్ల ర్యామ్ చాలునన్నారు. 2001లో ఎక్స్.పి.కి 64 కావలసివచ్చింది. 2009లో విండోస్ 7కు 1 గిగాబైటు. విండోస్ 11కు 4 గిగాబైట్లు. ఆ మొదటి నాలుగుకూ ఈ చివరి నాలుగుకూ మధ్య ఒకటికి వెయ్యి రెట్లకు పైగా తేడా. మనం టైపు చేసే ఉత్తరం వెయ్యి రెట్లు పొడవైందా? పాస్కల్ భాషను సృష్టించిన స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు నిక్లౌస్ విర్త్ 1995లోనే ఈ సంగతి రాశాడు. యంత్రాల వేగం పెరిగేదానికంటె ప్రోగ్రాముల మందగింపే త్వరగా పెరుగుతోందని ఆయన వాదన. అమెరికాలో ఇదే మాట హాస్యంగా చెప్పుకునేవారు: ఇంటెల్ అధిపతి ఆండీ గ్రోవ్ ఇచ్చేదంతా మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్ పట్టుకుపోతాడని.

అయితే బరువంతా వృథా అనడం అన్యాయం. ఒక ఉదాహరణ మన భాషలోనే ఉంది. ఎక్స్.పి.తోపాటు గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. ఒత్తులు, గుణింతాలు సరిగా పేర్చి చూపడం యంత్రానికి తేలిక పని కాదు, దానికి కొంత శక్తి ఖర్చవుతుంది. అంతకుముందు అను ఫాంట్ల వంటి ఏర్పాట్లతో కష్టపడ్డాం. ఆ రోజుల్లో అట్లా అలవాటుపడ్డ డి.టి.పి. కేంద్రాల్లో కొన్నిటిలో ఈనాటికీ ఇంటర్నెట్టు తీగ తీసేసిన పాత యంత్రం ఒకటి మూల కూర్చుని పెండ్లి శుభలేఖలు కంపోజు చేస్తూనే ఉంది. యజమానిని అడగండి, "దాని జోలికి పోకండి, బంగారంలా పనిచేస్తోంది" అంటాడు.

భద్రత మాట. ఇది కొట్టిపారవేసే మాట కాదు. ఇంటర్నెట్టుకు తగిలించిన యంత్రానికి మరమ్మతులు అందకపోతే దొంగలు దూరుతారు. 2017 మేలో వాన్నక్రై అనే వైరస్ ప్రపంచమంతటా విరుచుకుపడినప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని వాత పడ్డాయి. కనుక "పాతదానితోనే ఊరేగండి, ఏమీ కాదు" అని నేను ఎవరికీ చెప్పను. కాని అదే సంఘటనలో ఇంకొక సత్యం బయటపడింది. ఎక్స్.పి.కి మద్దతు ఆపేసి అప్పటికి మూడేళ్లు, 2014 ఏప్రిల్ 8 నుంచి. అయినా వైరస్ పడ్డ వెంటనే మైక్రోసాఫ్ట్ వారు ఎక్స్.పి.కి కూడా మరమ్మతు విడుదల చేశారు. ప్రత్యేకంగా డబ్బు కట్టే పెద్ద ఖాతాదారుల కోసం అది అంతకుముందే తయారై ఉంది! మరమ్మతు చేయలేక ఆపడం లేదు. చేసినదాన్ని ఎవరికివ్వాలనేదే ప్రశ్న.

విండోస్ 10 సంగతీ ఇంతే. మామూలు మనిషికి 2025 అక్టోబరుతో ఆపేశారు. మరొక ఏడాది కావాలంటే 30 డాలర్లు కట్టాలి, లేదా వారి ఖాతాలో చేరి మీ అమరికలు వారి గోదాములో దాచుకోవాలి. ఐరోపా ఆర్థిక ప్రాంతంలో వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగితే ఆ షరతులు సడలించారు. వ్యాపార సంస్థలకైతే యంత్రానికి మొదటి ఏడు 61 డాలర్లు, ఆపైన ఏటేటా రెట్టింపు. మరోవైపు యంత్రాలలో, పరికరాలలో బిగించే ఒక ప్రత్యేక రకం విండోస్ 10కు 2032 జనవరి వరకు మరమ్మతులు ఇస్తామని వారే రాసిపెట్టారు. అంటే ఆ పని 2032 దాకా సాగుతూనే ఉంటుంది. అందులో అధికభాగం మన యంత్రాలకు కూడా పనికివచ్చేదే. బావిలో నీళ్లున్నాయి. చేదకే తాళం.

ఈ తాళం ఖరీదు ఎవరు మోస్తున్నారు? అధ్యాపకులకు, పట్నవాసులకు ఇది చిన్న విషయంగా కనపడవచ్చు. మా ఊళ్లో కొడుకునో కూతురినో డిగ్రీ చదివించే ఇంటికి కొత్త లాప్‌టాప్ అంటే దాదాపు ఒక ఎకరా పత్తికి పెట్టే పెట్టుబడి. నిరుడు మా హాస్టలు మిత్రుడొకడు 2018 నాటి లాప్‌టాపు తీసుకుని పట్నంలో ఒక దుకాణానికి వెళ్లాడు. "ఇక దీనికి కాలం చెల్లింది బాబూ, మూడు వేలిస్తాను, కొత్తది తీసుకో" అన్నాడు దుకాణదారు. మావాడు ఇంటికి ఫోను చేస్తే, వాళ్ల నాన్న కౌలు డబ్బులోనుంచి తీసి పంపాడు. రెండు వారాలకు అదే దుకాణంలో అదే లాప్‌టాపు, మూత మీద మావాడు అంటించిన బొమ్మతో సహా, పన్నెండు వేల చీటీతో కనపడింది. కాలం చెల్లినదాన్ని పన్నెండు వేలకు ఎవరు కొంటారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. మావాడికి మాత్రం అంతుపట్టింది, వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

డబ్బు ఒక్కటే కూడా కాదు. ఐక్యరాజ్యసమితి సంస్థల ఆధ్వర్యాన వచ్చిన 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారవేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు లెక్కకు దొరికింది 22.3 శాతమే. మిగిలిన దానిలో కొంత ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్లకు చేరుతుంది. అక్కడ పేదలు తీగలు కాల్చి రాగి తీస్తారు, యాసిడ్‌లో ముంచి లోహాలు తీస్తారు, ఆ పొగ పీలుస్తారు. మన దేశంలో 2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమావళి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం వస్తువు తయారుచేసి అమ్మినవాడు ఇంత మేరకు తిరిగి శుద్ధి చేయించాలి. మంచిదే. కాని ఆ బాధ్యత పెట్టె చేసినవాడిది. ఆ పెట్టె ఏ తేదీన చెత్త అవుతుందో నిర్ణయించినవాడి పేరు ఆ లెక్కలో లేదు. ఇది సరిదిద్దవలసిన విషయం. భద్రతా మరమ్మతును కొత్త హంగుల నుంచి విడదీసి, యంత్రం అమ్ముడైన తేదీ నుంచి కనీసం పదేళ్లు ఇవ్వాలని చట్టం ఎందుకు అడగకూడదు? గూగుల్ వారు తమ క్రోమ్‌బుక్కులకు పదేళ్ల పాటు మరమ్మతులు ఇస్తామని 2023లో ఒప్పుకున్నారు. విమర్శలు వచ్చాకనే ఒప్పుకున్నారు సుమా, అడగకముందు కాదు. అదైనా యంత్రం నమూనా వచ్చిన నాటి నుంచే లెక్క.

లైనక్స్ సంగతి ఎత్తకుండా ముగిస్తే మిత్రులు ఊరుకోరు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ స్వేచ్ఛా వ్యవస్థను ఎవరైనా పంచుకోవచ్చు, పాత యంత్రంలో వేసుకోవచ్చు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు దీనిమీదనే నేర్చుకుంటున్నారు. మన హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ దీన్ని తెలుగులోకి తెచ్చింది. మనం బి.యస్సీ.లో వాడే పైథాన్, సైల్యాబ్ దీనిలో చక్కగా నడుస్తాయి. అయితే ఇది సర్వరోగ నివారిణి కాదు. కొన్ని ప్రింటర్లు మొరాయిస్తాయి. ఆఫీసు ఖాతాల సాఫ్ట్‌వేరు, కొన్ని పరీక్షల సాఫ్ట్‌వేర్లు విండోస్‌నే అడుగుతాయి. మరీ పాత 32 బిట్ల యంత్రాలను లైనక్స్ వారిలో కూడా కొందరు వదిలేశారు. తేడా ఏమిటంటే, ఒకరు వదిలేస్తే మరొకరు పట్టుకునే వీలు అక్కడ ఉంది.

మన కళాశాల విషయానికి వస్తాను. ల్యాబులోని నలభై యంత్రాలు ఏడవ తరంవి. వాటిని వేలం వేసి కొత్తవి కొనాలని ఆలోచన నడుస్తున్నట్టు విన్నాను. కొత్తవి వస్తే సంతోషమే, కాని ఆ సొమ్ము స్పెషల్ ఫీజులోనుంచే పోవాలి. విద్యాసంస్థలకు విండోస్ 10 మరమ్మతులు యంత్రానికి మొదటి ఏడు 1 డాలరు, రెండో ఏడు 2, మూడో ఏడు 4 చొప్పున ఇస్తున్నారు. మూడేళ్లకు కలిపి ఏడు డాలర్లు, అంటే మన డబ్బులో ఆరు వందల పైచిలుకు. నలభై యంత్రాలకు పాతిక వేలు చుట్టుపట్ల. ఒక్క కొత్త కంప్యూటరు ధర కూడా కాదు! ముప్పై యంత్రాలకు ఆ రుసుము కట్టి, కిటికీ వైపున్న పదింటిలో లైనక్స్ వేసి ఒక సెమిస్టరు నడిపి చూద్దామని విద్యార్థి సంఘం తరఫున అర్జీ రాసి ఇచ్చాము. సెలవు రోజుల్లో వచ్చి ఆ పదీ సిద్ధం చేసిపెట్టడానికి ఆరుగురం ఒప్పుకున్నాము. ల్యాబు తాళంచెవి ఇప్పిస్తే చాలు.